రాబిన్ షంట్ చేసిన ఫొటోలు

రాబిన్ ముప్పై నాలుగేళ్లు నిమ్‌పురా రైల్వే యార్డులో షంటింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఒక లైనులో ఉన్న వ్యాగన్లను ఇంకో లైనుకి చేర్చడంలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఇంట్లో ఉన్నది భార్య సూసన్న ఒక్కతే.

సూసన్నకి నలభై ఏళ్లుగా ఒకటే కోపం. పెళ్లినాడు ఫొటోలు పడ్డాయో లేదో చూద్దామని, కెమెరా వెనక తలుపు తెరిచింది సాక్షాత్తూ పెళ్లికొడుకే. రీలంతా ఎండ తగిలి పాడైపోయింది. ఆ పెళ్లికి ఒక్క ఫొటో లేదు. తర్వాత కూరలో ఉప్పెక్కువైనా, కొళాయి రాకపోయినా, మాట తిరిగి తిరిగి ఆ తలుపు దగ్గరికే వచ్చేది. రాబిన్ నోరెత్తేవాడు కాదు. ఏమని ఎత్తుతాడు, చేసింది వెధవపని.

ఆ మధ్య ఒక ఆదివారం నలభయ్యో పెళ్లిరోజు వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ చర్చిలో ప్రార్థన అయ్యాక మేనల్లుడు జాన్ పాల్ తన కెమెరాతో నూట పది ఫొటోలు తీశాడు. అతనిది లోకోషెడ్డులో ఉద్యోగం, సెలవురోజుల్లో ఈ వ్యాపకం. ఇంటికొచ్చి కేకు కోసేముందు ఇద్దరినీ పక్కపక్కన నిలబడమన్నాడు. రాబిన్ ఒప్పుకోలేదు. మగాడు కుర్చీలో కూర్చోవాలి, పెళ్లాం వెనక నిలబడి భుజం మీద చెయ్యి వెయ్యాలి, మా తాతల ఫొటోలన్నీ అంతే అని కుర్చీ తెప్పించుకుని జమీందారులా కూర్చున్నాడు. వెనకాల సూసన్నకి నవ్వాగలేదు.

ఆ సాయంత్రమే జాన్ పాల్ ఝపటాపూర్‌లో ఇంకో ఫంక్షనుకి వెళ్లాలి. ఈలోగా కెమెరాలోని కార్డు ఖాళీ చేసి, ఫొటోలు తనే కంప్యూటర్లో వేసిస్తానన్నాడు. రాబిన్ ససేమిరా అన్నాడు. నలభై ఏళ్ల మచ్చ తుడుచుకునే అవకాశం ఇంకొకడికి ఇస్తాడా? మేనల్లుణ్ణి బిరియానీ దగ్గరికి తోలేసి, కార్డు తీసి తనే కంప్యూటర్లో పెట్టాడు.

కాపీ అనీ, కట్ అనీ రెండు దారులు కనిపించాయి. కాపీ అంటే ఫొటో అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుందట. ఒకే వ్యాగన్ రెండు లైన్లలో ఎలా ఉంటుంది? ఇదేదో మోసమనుకుని కట్ నొక్కి, ఇటు పేస్ట్ చేశాడు. ఆకుపచ్చ గీత కదిలింది. రాబిన్ యార్డు అలవాటుకొద్దీ దానికి చెయ్యి కూడా ఊపాడు.

సగం దాటాక గీత ఆగింది. ఐదు నిమిషాలైనా కదల్లేదు. ఇంకొకడైతే ఓపిక పట్టేవాడు. కానీ మొరాయించిన వ్యాగన్‌ని ఏం చెయ్యాలో రాబిన్‌కి ఒకరు చెప్పాలా? ఒకసారి వెనక్కి లాగి మళ్లీ తొయ్యాలి. కార్డు లాగి, మళ్లీ తోశాడు.

కార్డు చదవలేకపోతున్నానంది కంప్యూటరు. రాబిన్‌కి పెళ్లినాటి సూసన్న ముఖం గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె తిట్టలేదు, ఏడ్చింది. తిట్లు తర్వాత వచ్చాయి. తిట్లను ఆయన ఏనాడో దులిపేసుకున్నాడు గానీ, ఆ ఏడుపు మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

జాన్ పాల్ తిండి మధ్యలో లేచొచ్చి గంటసేపు కుస్తీ పట్టాడు. సూసన్న గుమ్మంలో నిలబడి చూస్తోంది. చివరికి, కంప్యూటర్లోకి చేరినవి చేరాయనీ, మిగతావి కార్డులో క్షేమంగానే ఉన్నాయనీ తేల్చాడు.

"దారిలో ఉన్నదొక్కటే పాడైపోనాది, మావయ్యా. ఇక్కడికి సగమే వచ్చినాది. కార్డులో అసలు తెరుసుకోటం లేదు."

ఆ సగాన్ని తెరిచి చూపించాడు. పైన సూసన్న, పట్టుచీరలో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. కింద రాబిన్ బట్టతల, కనుబొమల దాకా. ఆ కిందంతా బూడిదరంగు. కుర్చీ లేదు, జమీందారూ లేడు.

"తప్పు నాదే, సూసన్నా," అన్నాడు రాబిన్ తల దించుకుని. "అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే." నలభై ఏళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

సూసన్న గుమ్మం దాటి వచ్చి తెరని చూసింది. తర్వాత, దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించమని మేనల్లుడికి చెప్పింది. బాగున్నవి నూటతొమ్మిది ఉన్నాయి కదే అని రాబిన్ బతిమాలుకున్నాడు. ఆమె విననే లేదు.

ఇప్పుడది ముందుగదిలో ఏసుప్రభువు పటం పక్కన వేలాడుతోంది. కెమెరా తలుపు ఊసు ఆ రోజుతో పోయింది. కొత్తది దొరికాక పాతదెందుకు? వచ్చినవాళ్లు ముందు ఆమె నవ్వుని మెచ్చుకుంటారు, తర్వాత కిందున్న బట్టతల చూసి, ఆయనేరీ అని అడుగుతారు. పక్క కుర్చీలో రాబిన్ పేపరు అడ్డం పెట్టుకుంటాడు. సూసన్న వాళ్లకి టీ అందిస్తూ తాపీగా జవాబు చెబుతుంది.

"నిమ్‌పురా యార్డులో ఆగిపోనాడు. నలబయ్యేళ్లకి తల వరకూ వచ్చినాడు గదా, మిగతాది కూడా వత్తాది."