నీలం ముదిరిన చోట

నా భర్త డేవిడ్‌రాజ్ ఫిబ్రవరిలో పోయారు. నైట్ షిఫ్టు నుంచి వచ్చి, టీ తాగి గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను బడికి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి అదే పక్కకు తిరిగి ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఎవరు దగ్గరున్నా చేయగలిగింది ఏమీ లేదని కూడా అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఎవరు నిద్రపోతున్నా దగ్గరికి వెళ్ళి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాను. మా అమ్మాయి సిరి ఎనిమిదో తరగతి. కళ్ళు తెరవకుండానే, "జిందా హూఁ మమ్మీ, బతికే ఉన్నాను, వెళ్ళి పడుకో," అంటుంది.

అండమాన్ ప్రయాణం అంతకుముందే అనుకున్నది. మా ముగ్గురికీ, ఆయన అన్నయ్య, మా బావగారు కొర్నేలి గారికీ, వదిన వెరోనికాకూ డేవిడ్‌రాజే టికెట్లు తీశారు. అందులో ఒక పూట పగడాల దిబ్బ దగ్గరికి పడవలో వెళ్ళడం ఉంది. ముఖానికి మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కింద చేపలను చూస్తారట. దారిలో డాల్ఫిన్లు కనిపిస్తాయట. ఆయన పోయాక నేను మానేద్దామన్నాను. ఆ సాయంత్రమే బావగారు, వెరోనికా అక్క భిలాయి రుఆబాంధా సెక్టరులో ఉన్న మా క్వార్టరుకు వచ్చి కూర్చున్నారు.

"మానీడానికేటమ్మా?" అన్నారు బావగారు. "గుంట ఆశ పడతంది. దాని పక్కన నేను లేనేటి? నీళ్ళలో ఒక్క నిమిషం వదల్ను. భీమిలి సముద్రంలో ఈదినోణ్ణి నేను."

"ఈదింది పెళ్ళికి ముందు," అంది వెరోనికా అక్క. "ఇప్పుడు బాత్‌రూమ్‌లో జారితే లేపడానికి నేనే రావాల."

"ఒలే, నువ్వూరుకో."

బావగారి మాట మీద నేను ఒప్పుకున్నాను. ఆయన మాటకు అంత విలువ ఇవ్వడానికి కారణం ఉంది. రిటైరయ్యేదాకా ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో కంట్రోల్ రూము చూశారు. ఆ పనిలో బదులు మనిషి వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. వచ్చినవాడి ఎదురుగా నిలబడి "ఛార్జ్ దియా", అంటే బాధ్యత అప్పగించాను, అనాలి. అతను "లియా", తీసుకున్నాను, అన్నాకే బూట్లు గుమ్మం దాటాలి. అన్నదమ్ములిద్దరూ ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. పొయ్యి మీద పాలు అప్పగించినా, ఊయలలో సిరిని అప్పగించినా అదే మాట. మామగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆయన మంచం పక్క కుర్చీ దగ్గరా అదే. ఒకరు లియా అనకుండా మరొకరు లేవడం నేనెప్పుడూ చూడలేదు.

బయలుదేరే ముందు సిరి బాత్‌రూమ్‌లో బకెట్ నింపుకుని, మాస్కు పెట్టుకుని, అందులో ముఖం ముంచి అలవాటు చేసుకుంది. తలుపు వేసుకోనివ్వలేదు నేను. గొట్టంలోంచి బుసబుసమని చప్పుడు వస్తున్నంతసేపూ గడప మీద నిలబడేదాన్ని. చప్పుడు ఆగితే "సిరీ" అనేదాన్ని. తల ఎత్తకుండానే చెయ్యి ఊపేది.

* * *

పడవ పొద్దున్నే జెట్టీ వదిలింది. మాతో పాటు మరో రెండు మూడు కుటుంబాలు ఉన్నాయి. నీళ్ళలో దారి చూపే అమ్మాయి పేరు మణిమాల. బెంగాలీ అమ్మాయి, హిందీలో మాట్లాడింది. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పింది.

"లైఫ్ జాకెట్ ఉన్నంతసేపూ ఎవరూ మునగరు. భయం వేస్తే వెల్లకిలా తిరగండి. గొట్టం తీసేసి, కదలకుండా తేలండి. ఈదడానికి ప్రయత్నించొద్దు. నేనొస్తాను." తర్వాత చెయ్యి చాచి చూపించింది. "నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నంత మేరా దిబ్బే. అదిగో, అక్కడ నీలం ముదిరింది చూడండి. అక్కడితో దిబ్బ అయిపోతుంది. కింద లోతు. నీరు అటే లాగుతుంది. అటు పోకండి."

నేను ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. అది నిజంగా గీత గీసినట్టే ఉంది.

"మీరు దిగరా మేడమ్?" అని అడిగింది.

"లేదు."

"మా మమ్మీ టీచర్," అంది సిరి. "ఇన్విజిలేషన్ చేస్తుంది."

బావగారు ముందు దిగి, నిచ్చెన కింద నుంచి చేతులు చాచారు. సిరి దిగింది. దాని అరుపు, నవ్వు వినిపించాయి. తర్వాత గొట్టం నోట్లో పెట్టుకుంది, మాట ఆగిపోయింది.

అందరూ అలా ముఖాలు ముంచేశాక ఆ దృశ్యాన్ని నేను భరించలేకపోయాను. నీళ్ళ మీద మనుషులు బోర్లా, చేతులు వదిలేసి, అలలు ఎటు ఊపితే అటు ఊగుతున్నారు. ఎవరూ చేయీ కాలూ కదపడం లేదు. గొట్టం కొసల్లోంచి అప్పుడప్పుడు చిమ్మే నీళ్ళను బట్టే వాళ్ళు బతికి ఉన్నారని తెలుసుకోవాలి. అందరికీ ఒకే నారింజ రంగు జాకెట్లు. బావగారి బట్టతల ఒక్కటే నాకు గుర్తు. దాని పక్కనున్న చిన్న జాకెట్ సిరి. రెండింటి మీదా కళ్ళు పెట్టుకుని బల్ల అంచున కూర్చున్నాను.

"ఇదిగో, అల్లం ముక్క నమలు," అంది వెరోనికా అక్క. "నీ మొకం తెల్లగా పాలిపోనాది."

"వద్దక్కా."

"అది బాగానే ఉంది. నువ్వే ముందు పడిపోయేలా ఉన్నావు."

ఇంతలో పడవ అవతలి వైపు నుంచి ఎవరో "డాల్ఫిన్! డాల్ఫిన్!" అని కేక వేశారు. పడవలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా అటు పరుగెత్తారు. పడవ ఒరిగింది. నడిపే అతను "అందరూ ఒకే పక్కకు పోతే ఎలా?" అని అరిచాడు. వెరోనికా అక్క నా మోచెయ్యి పట్టుకుని మధ్యకు లాగింది. భుజాల సందుల్లోంచి నున్నటిదేదో పైకి లేచి మునిగింది. నేను దాన్ని చూడలేదనే చెప్పాలి. చెయ్యి విడిపించుకుని తిరిగి నా చోటికి వచ్చాను.

బట్టతల కనిపించింది. పక్కన చిన్న జాకెట్ కూడా ఉంది. రెండు గొట్టాలూ నీళ్ళు చిమ్మాయి. నా ఊపిరి కుదుటపడింది. అలా చూస్తూనే ఉన్నాను.

"ఏటమ్మా, చూసేవా? రెండు ఒకేపాలి ఎగిరినాయి!"

ఆ గొంతు నా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూస్తే బావగారు. ఒంటి మీద నీళ్ళు కారుతున్నాయి, మెడలో తువ్వాలు ఉంది.

సముద్రం వైపు తిరిగాను. అక్కడి బట్టతల మనిషి అప్పుడే తల ఎత్తి మాస్కు తీశాడు. ఎవరో తెలియని మనిషి. పక్కనున్నది ఆయన కొడుకు.

"సిరి ఏదండీ?"

"కింద ఉంది. నాకు పిక్క పట్టీసింది. ఆ దీదీకి ఛార్జ్ ఇచ్చీసే వచ్చేను."

"ఆమె లియా అందా?"

"తల ఊపింది," అన్నారు. అంటూండగానే ఆయన ముఖం మారిపోయింది.

మణిమాల రబ్బరు రింగుకు ఇద్దరు ఆడవాళ్ళను పట్టించి నిచ్చెన వైపు లాక్కొస్తోంది. నేను వంగి, "సిరి ఏది?" అన్నాను.

"అంకుల్‌తో ఉంది కదా?" అని తల ఎత్తింది. నా పక్కన నిలబడి ఉన్న అంకుల్‌ను అప్పుడు చూసింది.

వెంటనే ఈల వేసింది. అందరినీ పైకి రమ్మంది. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరుగా తల ఎత్తారు. మాస్కు తీసిన ప్రతి ముఖాన్నీ చూశాను. సిరి లేదు. మైదానం అవతలి చివర ఆడుకునే పిల్లలను పిలవగలిగిన గొంతు నాది. ఆ రోజు పేరు కూడా బయటికి రాలేదు.

"ఇంజన్ తియ్యండి," అంది వెరోనికా అక్క. "వెతకండి, ఇంకేటి చూస్తన్నారు!"

"నీళ్ళలో మనుషులుంటే తియ్యకూడదమ్మా," అన్నాడు నడిపే అతను. "కింద రెక్కలు తిరుగుతాయి." అతను పడవ కప్పు మీదికి ఎక్కాడు.

బావగారు నిచ్చెన మీద కాలు పెట్టారు. మణిమాల కింద నుంచి ఆపింది. "మీరు దిగితే నేను ఇద్దరిని వెతకాలి."

"నేను నీకు ఛార్జ్ ఇచ్చేను కదమ్మా," అన్నారాయన తెలుగులో. తర్వాత హిందీలో అదే మాట అన్నారు.

"ఏం ఛార్జ్ అంకుల్? పైకి వెళ్తున్నానని చెబుతున్నారనుకున్నాను. పాప కూడా మీతోనే వస్తోందనుకున్నాను."

ఆయన నిచ్చెన మీద నుంచి కాలు తీశారు.

కప్పు మీద నుంచి ఆ మనిషి, "అదిగో," అన్నాడు. అతని వేలు వెంట చూశాను. ఆకుపచ్చ అయిపోయి నీలం ముదిరిన చోటికి అవతల, చాలా దూరంలో నారింజ రంగు చుక్క ఒకటి ఉంది.

"కదలడం లేదు," అన్నాడతను. తర్వాత నన్ను చూసి మాట మార్చాడు. "దూరం కదా, తెలీదు."

మణిమాల రింగు తీసుకుని ఈదుకుంటూ పోయింది. ఇక్కడ చివరి మనిషి, ఒక పెద్దాయన, నిచ్చెన మెట్టు మీద ఆగి మాస్కులోంచి నీళ్ళు ఒంపుకుంటున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టి పైకి లాగేశాను. ఆయన మోకాలు గీసుకుపోయింది. ఆయన ఏదో తిట్టాడు. ఇంజన్ ఎప్పుడు మోగిందో నాకు తెలియలేదు.

చుక్క పెద్దదవుతోంది. బోర్లా ఉందా, వెల్లకిలా ఉందా? నాకు కావలసింది అదొక్కటే. అల లేచినప్పుడు కనబడుతోంది, దిగినప్పుడు పోతోంది. జాకెట్ మాత్రమే తేలుతోందేమో అని కూడా అనుకున్నాను. ఆ మంచం, అటు తిరిగి ఉన్న వీపు, నేను భుజం మీద వేసిన చెయ్యి, అన్నీ అక్కడే, ఆ నీళ్ళ మీద కనిపించాయి. దేవుణ్ణి ప్రార్థించలేదు. ఆ పని గుర్తుకు రాలేదు.

అప్పుడు కాలివేళ్ళు కనిపించాయి. నీళ్ళపైకి తేలి, ఆకాశం వైపు చూస్తూ ఉన్నాయి.

పడవ ఇంకా దగ్గరికి వెళ్ళేసరికి మణిమాల దాని చంకల కింద చేతులు వేసింది. సిరి కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. పైకి లాగి బల్ల మీద కూర్చోబెట్టినా కళ్ళు తెరవడానికి ఒప్పుకోలేదు.

"పడవ మీదే ఉన్నావే తల్లీ," అంది వెరోనికా అక్క, దాని కాళ్ళు తువ్వాలుతో రుద్దుతూ. "కళ్ళు తెరువ్. ఇదిగో మీ అమ్మ."

"నేను కదల్లేదు మమ్మీ," అంది సిరి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "కదలొద్దంది కదా దీదీ. చేపలను చూస్తూ చూస్తూ ఉన్నాను. ఏక్‌దమ్ కింద అంతా కాలా, నల్లగా అయిపోయింది. ఒక్క చేప కూడా లేదు. తల ఎత్తితే బోట్ లేదు." కళ్ళు తెరిచి బావగారిని వెతికింది. "పెదనాన్నా, ఆప్ కహాఁ చలే గయే థే? ఎక్కడికి వెళ్ళిపోయారు?"

ఆయన వెనక్కి జరిగి నిచ్చెన కమ్మీ పట్టుకున్నారు.

* * *

పడవ వెనక్కి తిరిగింది. రెండో చోట ఆగాల్సి ఉంది కాని ఎవరూ అడగలేదు. సిరిని తువ్వాలులో చుట్టి ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. అది నా అంత పొడుగు వచ్చేస్తోంది. కాళ్ళు కింద వేలాడుతున్నాయి. నా అరచెయ్యి దాని పక్కటెముకల మీద ఉంది. అవి పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి.

బావగారు నిచ్చెన దగ్గరే నిలబడ్డారు. నీళ్ళలో ఎవరూ లేరు. అయినా ఆ ఇనప కమ్మీ వదలలేదు. వెరోనికా అక్క బిస్కట్లు తినమని ఇచ్చినా తీసుకోలేదు. కొంతసేపటికి నా వైపు చూడకుండానే అన్నారు.

"ఏదో ఒకటి అనమ్మా నన్ను. తిట్టు."

ఫిబ్రవరిలో అందరూ నాతో అన్న మాటలు గుర్తొచ్చాయి. నీ తప్పు లేదు, నువ్వేం చేయగలవు, దైవచిత్తం. వాటిలో ఒక్కటీ నాకు పనికి రాలేదు. అందుకని ఆయనతో అనలేకపోయాను. తిట్టనూ లేదు.

"మీ పిక్క ఇంకా పట్టేసే ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"కూర్చోండి."

కూర్చోలేదు.

జెట్టీ కనబడే ముందు మళ్ళీ కేక వినిపించింది, ఈసారి ముందు వైపు నుంచి. ఈసారి ఎక్కువమంది లేవలేదు. సిరి మాత్రం తల ఎత్తింది.

"మమ్మీ, నేను ఇంకా చూడలేదు. నేను నీళ్ళలో ఉన్నాను."

"ఇక్కడి నుంచి చూడు."

"ఇక్కడి నుంచి మీ ముఖాలే కనిపిస్తున్నాయి." లేవబోయి, "మమ్మీ, చెయ్యి వదులు. దర్ద్ హో రహా హై," అంది.

చూసుకుంటే దాని మోచేతి మీద నా వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. వదలడానికి నాకు కొంత సమయం పట్టింది. వదిలి, దాని జాకెట్ పట్టీ పట్టుకున్నాను. కమ్మీ దాకా వెళ్ళాం. అవతలి పక్కకు బావగారు కుంటుతూ వచ్చారు. దాన్ని తాకలేదు. చెయ్యి మాత్రం దాని వీపు వెనక గాలిలో ఉంచారు.

సిరి ముందుకు వంగింది. పట్టీ నా చేతిలో బిగిసింది.

"అదిగో! అదిగో మమ్మీ! ఛోటా వాలా కూడా ఉంది, తల్లి పక్కనే! పెదనాన్నా, దేఖో న!"

"చూస్తన్నానే," అన్నారాయన. ఆయన కళ్ళు దాని వేళ్ళ మీద ఉన్నాయి.

నేనూ చూస్తున్నానన్నాను, పట్టీ మీద నుంచి కళ్ళు తీయకుండానే.

భిలాయి తిరిగొచ్చి బడికి వెళ్ళిన రోజు ఏడో తరగతి పిల్లలు చుట్టూ చేరారు. మేడమ్, నిజంగా డాల్ఫిన్లను చూశారా అని అడిగారు. చూశానన్నాను. వెనక బెంచీ పిల్ల ఒకతె అవి ఏ రంగులో ఉంటాయని అడిగింది. నీళ్ళ రంగులో ఉంటాయని చెప్పాను. తెలియనిది తెలిసినట్టు పిల్లలకు చెప్పడం నాకు అలవాటు లేదు. పాఠం మొదలుపెట్టాక కూడా అదే గుచ్చుతూ ఉంది.

సాయంత్రం సిరిని అడిగాను.

"గ్రే కలర్ మమ్మీ," అంది అది, అన్నం కలుపుకుంటూ. తర్వాత చెయ్యి ఆపి నన్ను చూసింది. "నువ్వు నా పక్కనే నిలబడ్డావు కదా?"