ఎనిమిదో శాలువా

రాజీనామా చేస్తానని సుగంధి అనడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఆమెకు శాలువా కప్పి ఇంటికి పంపించారు.

తిరుత్తణి పక్కల అది మామూలే. సభలో ఎవరి ముఖం మాడినా వెంటనే ఒక పొన్నాడై తెప్పిస్తారు. జరీ అంచున్న ఆ శాలువాను భుజాల మీద కప్పి, ఫోటో తీసి, నాలుగు చప్పట్లు కొడితే ఎంతటి కోపమైనా చల్లారి తీరాలి. చల్లారకపోతే మొండిమనిషి కింద జమకడతారు. సుగంధి ఇంట్లో అలాంటివి ఏడు పోగయ్యాయి. ఒకటి మిక్సీ మీద కప్పింది, ఒకదాన్ని ఇస్త్రీ చేసుకోవడానికి పరుచుకుంటోంది, మిగతావి బీరువా అడుగున పడి ఉన్నాయి. సన్మానాలతో కడుపు నిండే మనిషే అయితే ఆమెకీ గొడవంతా ఉండకపోను.

ఆమె తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తా. అది జీతం వచ్చే పని. జీతం రాని పని ఇంకొకటుంది, 'పడుగు'కు సంపాదకత్వం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కథలూ పాటలూ రాసుకునే తెలుగువాళ్ళు ఒక కూటమి కట్టుకుని ఇంటర్నెట్‌లో నడుపుకుంటున్న బ్లాగు అది. కూటమిలో సగంమంది మగ్గం ఇళ్ళవాళ్ళు, అందుకే మగ్గం మీది నిలువు పోగుల పేరు. పేరు పెట్టిన రోజు అందరూ ఉన్నారు. పని చేసే రోజు సుగంధి ఒక్కతే ఉంది. ఆరేళ్ళయింది.

ఆ పని ఎలాంటిదో చెబితే గాని ఆమె కోపం అర్థం కాదు. కూటమివాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్నది తమిళం. కాబట్టి తెలుగు కథను తమిళ అక్షరాల్లో రాసి పంపుతారు. కొందరు ఆ శ్రమ కూడా పడకుండా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేస్తారు. కథ మధ్యలో కుక్కర్ విజిళ్ళు, బస్సు హారన్లు, "ఒరే, ఆ మోటారు ఆపరా" అన్న కేకలూ వినిపిస్తాయి. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం, టకూ డకూ ఒకటే. యంత్రానికి అప్పజెబితే అది చేసిచ్చే తెలుగును చదవడం మనిషి వల్ల కాదు. సుగంధి తిరుత్తణిలో తెలుగు మీడియం చదివింది. ఆ తర్వాత అక్కడ ఆ సెక్షనే ఎత్తేశారు. కాబట్టి ఆమే కూర్చుని ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో టైపు చేయాలి, వాక్యాలు సర్దాలి, పైన పెట్టడానికి బొమ్మ వెతకాలి. ఆదివారాలన్నీ అందులోనే పోయాయి. తను రాద్దామనుకున్న కథ ఒకటి ఆరేళ్ళుగా మొదటి పేజీ దాటలేదు.

అయినా లాక్కొచ్చింది. ఎవరో చదువుతున్నారన్న నమ్మకంతోనే లాక్కొచ్చింది. ఆమెకు కావలసింది అదొక్కటే. ప్రతి రచన కిందా దండాలు, ఎర్ర గుండెలు, 'సూపర్ అక్కా'లు గుంపులుగా వచ్చి పడేవి. వాటిని చూసుకుని ఇంకో ఆదివారం కూర్చునేది. ఆ నమ్మకం కాస్తా పోయినేడు స్కూళ్ళు తెరిచిన వారం తెగిపోయింది.

ఆ వారం ఆఫీసులో ఊపిరాడలేదు. నిద్రమత్తులో సుగంధి రెండు రచనల పేర్లు తారుమారు చేసేసింది. ఆనంద్‌రాజ్ తన తల్లి మీద రాసుకున్న కథ తణికాచలం పేరుతో పోయింది. జ్వరంతోనే పెళ్ళిచీర నేసి, అది మగ్గం దిగిన రోజే కన్ను మూసిన తల్లి కథ అది. చెరకు రైతు తణికాచలం, చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో మూడు రోజులు కాచుకున్న తమాషా చెప్పిన వ్యాసమేమో ఆనంద్‌రాజ్ పేరుతో పోయింది. రెండు రోజుల తర్వాత చూసుకుని ఆమె హడలిపోయింది. ఇద్దరూ ఏమని తిట్టారోనని భయపడుతూ కామెంట్లు తెరిచింది. తణికాచలం రెండు దండాలు పెట్టాడు. చెరకు వ్యాసం కింద ఆనంద్‌రాజ్ "సూపర్ అక్కా, కన్నీళ్ళు ఆగలేదు" అని పెట్టాడు.

చెరకు ట్రాక్టరును చూసి కన్నీళ్ళేమిటి?

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. వీళ్ళెవరూ చదవడం లేదు. చదవలేరు. లింకు రాగానే బొమ్మ చూసి దండం పెట్టేస్తున్నారు. తెలుగు అక్షరాలు రావని ఒప్పుకోవడానికి తెలుగు రచయితలకు నామోషీ. వస్తాయా రావా అని ఒక్కసారైనా అడగాలన్న ఆలోచన సంపాదకురాలికి రాలేదు. ఆమె ఆ పేర్ల తప్పును దిద్దలేదు. ఉక్రోషంతో అలాగే వదిలేసింది. ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి "ఏంది ఈ అన్యాయం" అని నిలదీస్తే చాలనుకుంది. ఏడాది కావస్తోంది. ఎవరూ నిలదీయలేదు.

ఈసారి సభ తిరుత్తణిలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద. అధ్యక్షుడు సుందరరాజులు టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి. వచ్చినవాళ్ళందరికీ దగ్గరుండి వడలు పెట్టిస్తాడు. ఎదుటివాళ్ళు చెప్పింది వినడం ఒక్కటే ఆయనకు చేతకాదు.

"నేను దిగిపోతాండానయ్యా," అంది సుగంధి లేచి నిలబడి. "ఈ నెలతో సరి. వేరేవాళ్ళను చూసుకోండి."

సుందరరాజులు చిరునవ్వు నవ్వి వెనక్కి తిరిగి సైగ చేశాడు. ఎవరో ప్లాస్టిక్ కవర్ చించిన చప్పుడైంది.

"పొన్నాడై వద్దు!"

"కోవిచ్చుకోవద్దుమా, కోపమెందుకు? నువ్వు లేకపోతే పడుగు యాడుండాది? దానికి ప్రాణమే నువ్వు గదా."

"ప్రాణం నాకుగూడా ఒకటుండాదయ్యా."

అందరూ పకపకా నవ్వారు. ఆమె జోకు వేసిందనుకున్నారు. సుగంధికి ఆ వడల పళ్ళెం ఎత్తి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

"పోయిన నెల పెట్టినవి ఎవరెవరు చదివినారు? చెయ్యెత్తండి చూస్తాం."

అన్ని చేతులూ లేచాయి. అందరికంటే ముందు ఆనంద్‌రాజ్ చెయ్యే లేచింది. బైకుల షోరూంలో పనిచేస్తాడు, ఎప్పుడు చూసినా నవ్వుముఖమే. నీ తల్లి చావు ఇంకొకరి పేరు మీద ఏడాదిగా ఉందని నలుగురి మధ్యలో ఎలా చెప్పడం? చెప్పకపోతే దిగిపోతున్న కారణం ఏమని చెప్పడం?

"నేను చేస్తానక్కా," అని వెనక బెంచీలోంచి ఒక గొంతు వినబడింది. అతని పేరు నరేష్. ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో షిఫ్టు పని. సభలకు వచ్చి, వడ తిని, నోరు మెదపకుండా వెళ్ళిపోయే మనిషి.

"నీకు తెలుగు చదవను వస్తాదా?"

"రాదక్కా."

అన్నేళ్ళలో ఆ మాట బయటికి అన్నవాడు అతనొక్కడే. ఎత్తిన చేతులు ఒక్కటొక్కటే కిందికి దిగాయి. ఆనంద్‌రాజ్ గోడమీది క్యాలెండర్ వైపు చూస్తున్నాడు.

"మరి ఎట్ల చేస్తావు?"

"వచ్చేటివి వచ్చినట్టే అరవ అక్షరాల్లో పెట్టేస్తా. మీరు పెట్టిన పాతవాటికి యాప్ ఉండాది. అరవ అక్షరాలను తెలుగు చెయ్యనే దానికి చేతగాదు. తెలుగును అరవ అక్షరాలు చెయ్యమంటే బాగానే చేస్తాది."

సుగంధికి ఒళ్ళు మండిపోయింది. కకూ గకూ తేడా కోసం తను కళ్ళు పోగొట్టుకుంటే, ఈ మనిషి అంతా తీసుకెళ్ళి మళ్ళీ మొదటికే తెస్తానంటున్నాడు.

"అట్లయితే అది తెలుగెట్ల అయితాది?"

"నోరు తెరిచి చదివితే తెలుగే గదక్కా. ఇంట్లో మనం అక్షరాలు చూసుకుంటానా మాట్లాడేది?"

ఆ మాట నిజమే అయినందుకు ఆమెకు ఇంకా మండింది. "ఏమన్నా చేసుకోండి" అని పాస్‌వర్డు అక్కడే నరేష్ ఫోనుకు పంపించి చెప్పులేసుకుంది. మెట్ల దగ్గర సుందరరాజులు పట్టుకోనే పట్టుకున్నాడు. ఎనిమిదో శాలువా భుజాల మీద పడింది. ఫోటో కూడా తీశారు.

తిరువళ్ళూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ శాలువా అంచుతోనే కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. దిగిపోయినందుకు ఏడుపు కాదది. అన్నేళ్ళు ఎవరి కోసం గుడ్డిగా కొట్టుకున్నానన్న ఉక్రోషం. ఇంటికి రాగానే శాలువాను బీరువాలో మిగతావాటి మీదికి విసిరి, కూటమి గ్రూపు నోరు నొక్కేసింది. అంటే మెసేజీలు వచ్చినా ఫోను మోగకుండా చేసింది.

ఆదివారాలు ఖాళీ అయ్యాయి. సుగంధి తన కథ తెరిచి కూర్చుంది. మొదటి పేజీ చదువుకుంది, ఒక వాక్యం కొట్టేసింది, అదే వాక్యం మళ్ళీ రాసింది. ఇంకొకరి వాక్యాలు సర్దీ సర్దీ తన వాక్యం ఎలా ఉండేదో కూడా మరిచిపోయినట్టుంది. చిరాకేసి, వద్దనుకుంటూనే పడుగు తెరిచి చూసింది. నరేష్ పాతవాటిని రోజుకు కొన్ని చొప్పున మార్చి పెడుతున్నాడు. తెర నిండా తమిళ అక్షరాలు. సొంత ఇంటికి ఎవరో వేరే తాళం వేసినట్టనిపించి చటుక్కున మూసేసింది.

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. ఆనంద్‌రాజ్.

"ఏందక్కా ఇది!" పలకరింపు లేదు, పాడూ లేదు. "మా యమ్మ కథ తణికాచలం మామ పేరు మీద ఎట్ల వచ్చినాది? ఊరంతా ఆయప్పకు ఫోన్ చేసి, మీ యమ్మ అట్ల పోయినాదా పాపం అని ఏడస్తాండారంట! ఆయప్ప వాళ్ళమ్మ ఇంట్లో రాయి మాదిరి కూర్చోనుండాది! ఎవురో ఫోన్ చేస్తే ఆమే ఎత్తి, నేను బతికే ఉండానయ్యా అనిందంట!"

సుగంధికి నవ్వొచ్చింది. నవ్వితే అతను ఇంకా మండిపడతాడని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తప్పు నాదే ఆనంద్‌రాజూ. పేర్లు మార్చేసినాను."

"పేరొకటేనా? నువ్వు మాటలు గూడా మార్చినావు గదక్కా. మా యమ్మ ఆఖర్న నన్ను చూసి 'ఆకలిగా ఉందా నాయనా' అనిందని పెట్టినావే, మా యమ్మ ఎప్పుడన్నా అట్ల మాట్లాడిందా? 'పసిస్తాండాదా రాజా' అని గదా నేను పంపించింది?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆకలిని ఆ పక్కల 'పసి' అనే అంటారు. తన ఇంట్లోనూ అంతే అంటారు. అచ్చులో బాగుండదని తనే ఆ మాట తీసేసి, మంచి తెలుగు పెట్టింది. ఆ రోజు ఆ వాక్యం చూసుకుని మురిసిపోయింది కూడా. చావబోయే తల్లి నోట్లో మాటను తీసి పారేసిందని ఇప్పుడు తెలుస్తోంది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది.

"మొత్తం చదివినావా?" అని అడిగింది మెల్లిగా.

"రెండుసార్లు చదివినా. మా నాయనకు గట్టిగా చదివి వినిపిస్తాంటే, ఆడికి రాంగానే ఆయన ఆపేసినాడు. ఇది మీ యమ్మ మాట కాదురా, ఎవురు రాసినారు దీన్ని అన్నాడు. నేనేం చెప్పేది?"

సుగంధి కుర్చీ లాక్కుని కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ఆరేళ్ళలో ఆమె పెట్టినదాన్ని ఒకడు చదివాడు, ఒకడు విన్నాడు, విని ఇది తప్పని చెప్పారు.

"నేనిప్పుడు సంపాదకురాల్ని కాదు నాయనా," అంది. "నరేష్‌తో చెప్పి అన్నీ దిద్దిస్తాను. ఇంకా ఏమేమి తప్పులుండాయో చెప్పు. ఒక్కటిగూడా వదలొద్దు."

"శానా ఉండాయి," అన్నాడు ఆనంద్‌రాజ్ కోపం ఏమాత్రం తగ్గకుండా. "విను." అని మొదటి వరస నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.