గడప దాటాలంటే నా హుకుం

నిజాం పోయాడు. ఆయన హాలీ సిక్కా రూపాయి పోయింది. చివరికి హైదరాబాద్ రాష్ట్రమే పోయింది. హుజూరాబాద్‌లో నేత సాంబయ్య ఇంట్లో మాత్రం ప్రభుత్వం మారలేదు. అక్కడ ఏలేది నేను.

నా పేరు దొరసాని. సాంబయ్య తల్లి శంకరవ్వ పెట్టింది. వెక్కిరింతకు పెట్టానని ఆమె అనుకుంటుంది. ఎందుకు పెడితేనేం, పేరు పేరే.

నా పాలన చాలా సులువు. ఇంట్లోంచి ఎవరు బయటికి పోవాలన్నా నా అనుమతి ఉండాలి. వద్దనుకుంటే గడప ముందు ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తాను. అంతే. "పిల్లి అడ్డమొచ్చింది" అని సాంబయ్య వెనక్కి తిరిగి, పీట మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగిగాని మళ్లీ కదలడు. తహసీల్దారు మాటకు కూడా ఊళ్లో అంత విలువ లేదు. పొద్దున పాలు ఆలస్యమైతే రెండుసార్లు నడుస్తాను. మరునాడు పాలు వేళకు వస్తాయి.

నన్ను కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. పిల్లిని చంపినవాళ్లు బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని శంకరవ్వ చెబుతుంది. ఆ ఇంట్లో ఉన్న బంగారమల్లా కోడలు అనసూర్య ముక్కుపుడక. దానితో నా మీసం కూడా తయారు కాదు.

ఈ రాజ్యం మీదికి దండెత్తి వచ్చినవాడు రామచంద్రం. అనసూర్య తమ్ముడు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని. వస్తూనే నూలు కట్ట మీద పడుకున్న నన్ను కిందికి తోసి తాను కూర్చున్నాడు. శత్రువెవరో అక్కడే తేలిపోయింది.

"బావా, బాయిల కొత్తోళ్లను తీసుకుంటున్నరు. రేపే ఆఖరు. పొద్దుగాల బస్సు ఎక్కితే పొద్దూకకముందే చేరుతం. మగ్గం మీద ఏమున్నది చెప్పు? సగం దినాలు నూలే రాదాయె. అక్కను, అత్తను గూడ తీసుకపోదం. ఇంటికి తాళమేసుడే."

సాంబయ్య తెగిన పోగును ముడేస్తూ ఉండిపోయాడు.

"మరి పిల్లి?" అంది శంకరవ్వ.

"పక్కింటి అక్బరీ బేగంకు ఇయ్యి. పిల్లికి గూడ పంచాయితా అత్తా?"

అక్బరీ బేగం ఇల్లు నాకు తెలుసు. అక్కడ ఏలేది ఒక కోడిపుంజు. ఇంకొకరి రాజ్యంలో బతకడం నా వల్ల కాదు. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. రేపు ఈ గడప ఎవడూ దాటడు.

తెల్లారేసరికి మూటలు తయారు. సాంబయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. దారం చుట్టిన నాడె చేతిలోనే ఉంది. పోగుల మధ్యకు విసరలేదు.

"బావా, హారన్ ఇనవడ్తలేదా? జర ఆగుమని కండక్టర్‌కు చెప్పొచ్చిన. లే!"

సాంబయ్య లేచాడు. మూట భుజానికెత్తుకుని గడప మీద కాలు పెట్టాడు. నేను నడిచాను.

మూట దిగింది. పీట వచ్చింది. చెంబు వచ్చింది.

"గిదేంది బావా! కొలువుకు పోతుంటే పిల్లిని చూసి కూసుంటవా?"

"మీ బాయిల కాడ పిల్లులు లేవా?" అన్నాడు సాంబయ్య, గుటక గుటకకూ ఆగుతూ.

"ఎందుకు లేవు?"

"అడ్డమొస్తే ఏం జేస్తరు?"

రామచంద్రం నేల చూశాడు. "మేం గూడ కూసుంటం. జర సేపే!"

సాంబయ్య మళ్లీ లేచాడు. నేను మళ్లీ నడిచాను.

"దీని కడుపు గాల! పాలు ఇప్పుడే పోస్తిగద!" అని అరిచింది అనసూర్య. ఆమెకేం తెలుసు, ఇది పాల లడాయి కాదని.

రామచంద్రం నా మెడ పట్టుకుని ఎత్తాడు. వంటింట్లో పడేసి గొళ్లెం పెట్టాడు. నేను తలుపు గీరాను. అరిచాను. కట్టెల మోపు మీదికెక్కి కిటికీ అందుకున్నాను. చువ్వల మధ్య తల పట్టింది, పొట్ట పట్టలేదు. ఇన్నేళ్ల పాల ఫలితం. బయట హారన్ మోగుతోంది. నా రాజ్యం బస్సెక్కబోతోంది.

గొళ్లెం కదిలింది. సాంబయ్య! "చెంబు లోపల పెట్టొస్త" అని చెప్పి వచ్చాడట. నా వైపు చూడలేదు. చెంబు పొయ్యి దగ్గర పెట్టి, తలుపు బార్లా వదిలి వెళ్లాడు. నౌకరంటే అలా ఉండాలి.

పెరటి దారిన ఇంటి చుట్టూ పరుగు తీశాను. సాంబయ్య మూటతో గడప మీదున్నాడు. రామచంద్రం వాకిట్లో కాపలా. నేను కుడి గోడ నుంచి దూకానో లేదో, గాలిలోనే రెండు చేతులా పట్టేశాడు.

"దొరికింది! నడువు బావా!"

అక్బరీ బేగం ప్రహరీ ఎడమ పక్క. నన్ను అవతల పడేయాలని రామచంద్రం ఉరికాడు. కుడి నుంచి ఎడమకు. సాంబయ్య ముందు నుంచి. నన్ను ఎత్తుకుని.

"ఆగు కొడుకా," అంది శంకరవ్వ. "పిల్లి అడ్డం పోయింది."

"అత్తా! అది పోలే! నేను ఎత్తుకపోయిన!"

"ఎత్తుకపోతే పిల్లి గాకుండ పోతదా?"

"దాని కాళ్లు భూమికి ఆనలే!"

గోడ మీద గడ్డం ఆనించి తమాషా చూస్తున్న అక్బరీ బేగం కలగజేసుకుంది. "కాళ్ల సంగతి ఎవ్వరడిగిండ్రు రామచంద్రం భాయ్? ముందల్నుంచి పోయిందా లేదా, గది చెప్పు."

"నువ్వు గూడనా బేగమమ్మా!"

అనసూర్య చెంబు తెచ్చింది. సాంబయ్య దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంక పట్టదు." అప్పుడే సందు చివర బస్సు గర్జించింది. చప్పుడు దూరమైంది.

"పోయింది!" రామచంద్రం నన్ను వదిలేసి నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లి కోసం కొలువు పోగొట్టుకున్నవు బావా! ఊరంత నవ్వుతది!"

సాంబయ్య మూట దించాడు.

"పిల్లి కోసం గాదు. ఇందాకట్నుంచి పిల్లి పేరు చెప్పి కూసున్న. ఇంక చెప్ప. నేను రాను రామచంద్రం. భూమి లోపలికి దిగి బతకలేను. ఈ మగ్గం గుంట చాలు నాకు."

"నిన్ననే చెప్పకపోతివా?"

"ఇంత దూరం వస్తివి, మొఖం మీద ఎట్ల చెప్పాలె? తప్పే. ఇప్పుడు చెప్తున్న."

నేను నిర్ఘాంతపోయాను. పొద్దుటి నుంచి యుద్ధం చేసింది నేను. హుకుం తనదట!

"నూలు రాని నాడు ఏం తిందం?" అంది అనసూర్య. కోపం కాదు. నిజంగానే అడిగింది.

"కరీంనగర్ సేటు కాడ కూలి నేత అడుగుత. ఆయన లేదంటే తువ్వాలలు నెత్తి మీద పెట్టుకోని వేములవాడల తిరిగి అమ్ముత. నేసుడు మాత్రం ఇడువ."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత మూట దగ్గరికి వచ్చింది. దాని మీద అప్పటికే నేనున్నాను.

"లే దొరసానీ. బువ్వ గిన్నెలు అండ్లనే ఉన్నయి."

నేను లేవలేదు. రాజ్యం నిలబెట్టినవాళ్లకు విశ్రాంతి అవసరం. అనసూర్య నిట్టూర్చి, నా కిందనే ముడి విప్పి, ఒక్కొక్క గిన్నే బయటికి లాగడం మొదలుపెట్టింది.