ఎడమచేతి ముడి

కాశన్న నేసిన చీర వంకతో వెనక్కి వచ్చిందన్న మాట ముప్ఫై ఏళ్లలో కోసిగిలో ఎవరూ వినలేదు. ఎవరైనా మర్చిపోతారేమోనని ఆయనే వారానికోసారి గుర్తు చేసేవాడు. మనిషి మంచివాడే. నేత సంగతి వచ్చేసరికి మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఆయన కళ్లకు పొర కమ్మింది. నూలు కొనే నెపంతో ఆదోని పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. పొర ముదిరితే తప్ప ఆపరేషను కుదరదు, రెండేళ్లు ఆగమన్నాడు డాక్టరు. కాశన్న ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఏమీ జరగనట్టు మగ్గం ముందు కూర్చుని నేసే గుంతలో దిగాడు. మగ్గం వదిలితే తాను దేనికీ పనికిరానని ఆయన భయం. ఆ భయాన్ని భార్యకు చెప్పుకోవాలంటే ఇంకా భయం.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టే భార్య సుబ్బరత్నమ్మకు పది రోజుల్లోనే తెలిసిపోయింది. ఇదివరకు పడుగులో నిలువు పోగు తెగితే ఆయన చేయి ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. తెగిన చోట బట్టలో సన్నటి గీత పడుతోంది. ఆమె నోరు విప్పలేదు. విప్పితే ఆయన ఏమైపోతాడో ఆమెకు తెలుసు. రోజూ పొద్దున గఫూర్ సాహెబు హోటల్లో టీ తాగి, నాలుగు ఊసులు చెప్పుకుని రావడం ఆయనకు అలవాటు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఆమె తలుపు దగ్గరికి వేసి, తెగిన పోగులు ముడి వేసి, బట్టలో పడ్డ గీతల్ని సూదితో పూడ్చేది.

పుట్టింట్లో మగపిల్లలు లేక తండ్రి ఆమెకే మగ్గం నేర్పాడు. అత్తగారేమో ఆడది గుంతలో దిగితే ఇంటికి అరిష్టమంది. అత్త పోయి పదేళ్లయినా ఆ మాట పోలేదు. నడుము పట్టేసినా సరే, సుబ్బరత్నమ్మ గుంత అంచున ఒంగి పని చేసేదే గాని కాలు లోపల పెట్టేది కాదు.

నాలుగు నెలల తర్వాత ఒకనాడు నేస్తూ నేస్తూ కాశన్న పడుగు మీద చెయ్యి నిమిరాడు. ఒక ముడి తగిలింది. పక్కన ఇంకొకటి. నేతగాడికి తన ముడి ఏదో వేళ్లకే తెలుస్తుంది. ఇవి ఆయన వేసినవి కావు. పురి ఎడమకు తిరిగి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే.

తన నేతను దిద్దుతోందా అని ముందు ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇంకా తడిమాడు. ముడి తర్వాత ముడి తగులుతూనే ఉంది. ఇన్నిసార్లు నడుము వంచిందా అనుకునేసరికి కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"ఎన్ని దినాల నుంచి కడతాండావు?" అని అడిగాడు.

రాట్నం ఆగింది. "ఉగాది ముందు నుంచి," అంది ఆమె.

"నాకేల చెప్పలేదు?"

"నువ్వు చెప్పినావా?"

ఆయన పేక దారం ఆడించే నాడెను పక్కన పెట్టాడు. తర్వాత గుంతలోంచి పైకొచ్చి, పంచె దులుపుకుని, ఆమెను అందులో కూర్చోమన్నాడు. ఆమె అత్తగారి మాట గుర్తు చేసింది.

"మాయమ్మకు నేను జవాబు చెప్పుకుంటాలే," అన్నాడు కాశన్న. "దిగు."

మరునాడు ఆయన రాట్నాన్ని అరుగు మీదికి తెచ్చుకున్నాడు. లోపల గోడ వారన కూర్చుని తిప్పుకున్నా అడిగేవాళ్లు లేరు. అయినా వీధికి ఎదురుగానే కూర్చున్నాడు. మొదటి రోజు చుట్టిన కండెల్లో సగం చిక్కుపడ్డాయి, ఆమె వాటిని విప్పుకుంది. రెండో రోజు ఎదురింటి తిమ్మన్న ఆగి, ఆడవాళ్ల పని మీద పడ్డావేమని నవ్వాడు. నువ్విక్కడుంటే లోపల నేసేదెవరని కూడా అడిగాడు.

పెళ్లాం పేరు నలుగురిలో పలికే అలవాటు ఆ వీధిలో ఏ మగవాడికీ లేదు. 'మా ఇంట్లో' అంటారు, లేదా 'పిల్లోళ్లమ్మ' అంటారు. కాశన్న చేతిలో దారం వదలకుండా తలెత్తాడు.

"సుబ్బరత్నమ్మ నేస్తాండాది," అన్నాడు. "నాకు కండ్లు కనపడవప్పా. ఇన్నాళ్లూ నా చీరల మాట నిలబెట్టింది ఆమే."

లోపల మగ్గం ఆగింది. ఆ గొంతులో తన పేరు వినడం ఆమెకు పెళ్లయ్యాక అదే మొదటిసారి. పడుగు మీద తడి పడితే మరక అవుతుందని, కొంగుతో కళ్లు బాగా తుడుచుకున్నాకే మళ్లీ నాడె పట్టింది.