పదిహేను నిమిషాల పని

పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని, ఊపిరి బిగబట్టుకుని ఒక గిన్నె పారబోయడం. హాల్లో గోడ పొడుగునా పరుచుకున్న గాజు తొట్టి ఉంది. అందులో సముద్రంలా కలిపిన ఉప్పునీళ్ళు, నీళ్ళలో రాళ్ళు, రాళ్ళ మీద ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో పగడాలు. వచ్చినవాళ్ళంతా దాని ముందు నోరు తెరుచుకుని నిలబడతారు. కింద ఉన్న చెక్క తలుపు తీసి చూసిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు. ఆ తలుపు వెనక స్కిమ్మర్ అనే యంత్రం ఉంటుంది. నీళ్ళలోకి బుడగలు ఊది, చేపల పెంట, కుళ్ళిన మేత, పగడాలు వదిలిన జిగురు, అంతా నురగలా పైకి లాగి నెత్తిన ఉన్న గిన్నెలో పోస్తుంది. తెల్లారేసరికి ఆ గిన్నెలో రెండు వేళ్ళ ఎత్తున గోధుమరంగు రొచ్చు. మూసుకుపోయిన కాలవలో చచ్చిన చేప నానితే ఎలా ఉంటుందో అదీ దాని వాసన. అది వేళ్ళకి పట్టుకుంటే సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడు మళ్ళీ గుర్తొస్తుంది.

ఆమెకి మురికి కొత్త కాదు. ఆస్పత్రి ల్యాబులో పదకొండేళ్ళుగా టెక్నీషియను. జనం సిగ్గుపడుతూ, కాగితాల్లో చుట్టి తెచ్చిచ్చే సీసాలన్నీ ఆమె చేతుల మీదుగానే పోతాయి. అక్కడ ఏనాడూ అసహ్యం వెయ్యలేదు. అక్కడ గ్లవుజులు ఇస్తారు, జీతం ఇస్తారు, ఫలానావాళ్ళ మురికి ఇదీ అని సీసా మీద చీటీ అంటిస్తారు. ఇంట్లో గిన్నెకి చీటీ లేదు. తొట్టి ఆయనది, పగడాలు ఆయనవి, మెప్పు ఆయనది. రొచ్చు ఎవరిదో ఎవరూ అడగరు.

ఆయనంటే ఆమె మొగుడు. అక్వేరియం క్లబ్బులో ఆయన్ని అందరూ 'సముద్రం గారు' అంటారు. నాలుగేళ్ళ కిందట తొట్టి కొని తెచ్చినప్పుడు, మొదటి నెల చొక్కా చేతులు మడిచి తనే బకెట్లు మోశాడు. రెండో నెలకి నడుం పట్టేసింది. మూడో నెలకి మోజు పట్టు వదిలింది గానీ గొప్పలు వదల్లేదు. అప్పటినుంచీ ఆదివారం వచ్చిందంటే ఎనిమిది బకెట్ల ఉప్పునీళ్ళు కలపడం ఆమె పని. గాజుకి పట్టిన పాచి గీకడం ఆమె పని. బుడ్డి సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు ఒక్కొక్కటే వేస్తూ రంగు మారేదాకా చూసి, క్షారం ఎంతుందో కాల్షియం ఎంతుందో పుస్తకంలో రాయడం ఆమె పని. పాత నీళ్ళు తోడేటప్పుడు గొట్టం నోట్లో పెట్టుకుని లాగాలి. ఎంత జాగ్రత్తపడినా నెలకోసారైనా ఆ నీళ్ళు నాలుక మీదకి వచ్చి పడతాయి. ఆమె సింకు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేస్తుంటే, సోఫాలో కూర్చున్న అత్తగారు కాళ్ళు పైకి పెట్టుకుని, "మావాడికి చిన్నప్పట్నించీ మూగజీవాలంటే ప్రాణం అమ్మాయ్," అనేది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ మాత్రం సొమ్మూ సోకూ ఆయనవే, చాకిరీ ఒక్కటే ఆమెది.

అయినా నిజం చెప్పాలి కదా, పగడాల మీద ఆమెకి కోపం లేదు. అవేం చేశాయి పాపం. నీళ్ళ లెక్క ఒక్క పిసరు అటూ ఇటూ అయితే ముడుచుకుపోతాయి, నిలకడగా ఉంచితే విప్పారతాయి. రంగంటే వాటికి అలంకారం కాదు, ఒంట్లో సుఖంగా ఉందని చెప్పడం. పుస్తకాల్లో చదివి కొంతా, వాటి మొహం చూసి కొంతా ఆ సంగతులన్నీ ఆమె నేర్చుకుంది. ఆయన నేర్చుకోలేదు. నేర్చుకోనివాళ్ళు ఊరుకుంటే బాగానే ఉండేది. నాలుగు నెలల కిందట క్లబ్బులో ఎవరి తొట్టిలోనో నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయని చూసొచ్చి, ఆమె ఆస్పత్రిలో ఉండగా, మురికి పీల్చేసే గుళికలు మూడింతలు పోసి, లైటు చివరికంటా తిప్పిపెట్టాడు. పది రోజుల్లో పగడాలు తెల్లగా పాలిపోయాయి. బొత్తిగా మురికి లేని నీళ్ళలో పగడానికి తిండి ఉండదు. ఆకలితో ఉన్నదాని నెత్తిన ఎండ కూడా పెడితే ఏం మిగులుతుంది?

ఆ రోజు ఆయన తొట్టి ముందు నిలబడి, ఏం చేశావే దీన్ని అన్నాడు. ఆమె అడుగున గుళికల సంచి చూసింది, లైటు చూసింది, ఆయన్ని చూసింది. ఆయన అప్పటికే సోఫాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. తర్వాత రెండు నెలలకి పైగా, రోజుకి కాస్త చొప్పున లైటు సర్దుతూ, రోజూ ఆస్పత్రి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా చిటికెడు మేత వేస్తూ, నీళ్ళలో ఎంత మురికి ఉండాలో అంత ఉండనిస్తూ, ఒక్కొక్క కొమ్మనీ బతికించుకుంది. మొదట మొదళ్ళలో గోధుమరంగు వచ్చింది. తర్వాత అంచుల్లో ఊదా తొంగిచూసింది. ఆ పొద్దున ఆమెకి ఏడుపొచ్చింది. చూడ్డానికి ఎవరూ లేరు గనక హాయిగా ఏడ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆస్పత్రివాళ్ళు ఆమెని ఆరు వారాల శిక్షణకి ఎంపిక చేశారు. వేరే ఊళ్ళో ఉండాలి. అది పూర్తిచేసి వస్తే ఆమె చేసిన పరీక్షల కాగితాల మీద ఆమే సంతకం పెట్టొచ్చు. ఇన్నేళ్ళూ సీసా పట్టుకున్నది ఆమె, మైక్రోస్కోపులో కళ్ళు పోగొట్టుకున్నది ఆమె, కింద గీత మీద సంతకం మాత్రం పై గదిలో కూర్చున్న డాక్టరుది. సీసా మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. సోమవారంలోగా అంగీకారపత్రం ఇవ్వాలి. పత్రంలో చివరి గడి ఇలా ఉంది: 'మీరు లేని సమయంలో ఇంటి బాధ్యతలు ఎవరు చూస్తారు?' తనతో పాటు ఎంపికైన మగ టెక్నీషియను కాగితంలో ఆ గడి ఎందుకు లేదని అడిగితే, ఆఫీసు గుమస్తా నవ్వి, అతనికెందుకండీ అన్నాడు.

ఇంట్లో చెప్పింది. నువ్వు లేకపోతే నాకు తోచదు అంటాడేమోనని, ఎంత తెలివితక్కువదో, ఒక్క క్షణం ఎదురుచూసింది కూడా.

"ఆరు వారాలా? మరి తొట్టి ఎవరు చూస్తారు?" అన్నాడు ఆయన.

చూడండి మరి. ఇల్లు ఎవరు చూస్తారని కాదు, నన్నెవరు చూస్తారని కాదు. తొట్టి. అత్తగారు కూడా, అవును తల్లీ, నోరులేని జీవాలు చచ్చిపోతే ఆ ఉసురు ఎవరికి తగులుతుందీ అంది. నోరున్న జీవం పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రినుంచీ పత్రంలో ఆ ఒక్క గడీ ఖాళీగానే ఉంది.

ఆదివారం పొద్దున క్లబ్బువాళ్ళు తొట్టి చూడ్డానికి వస్తున్నారు. ఏటేటా కొన్ని ఇళ్ళు ఎంచుకుని వెళ్ళి చూసి, అందులో బాగున్నదాని గురించి తమ పత్రికలో రాసుకుంటారట. శుక్రవారం నుంచే ఆయన ఆర్డర్లు మొదలయ్యాయి. బకెట్లు బాత్రూంలో దాచెయ్యి. ఆ పాచి గుడ్డలు కనపడకూడదు. ఆ గిన్నె జోలికి రెండ్రోజులు వెళ్ళకు, తీస్తే హాలంతా కంపు. నువ్వు మాత్రం మంచి చీర కట్టుకుని కాఫీ తెచ్చిపెడితే చాలు. ఆమె అన్నీ విన్నది. గిన్నె సంగతి మరీ శ్రద్ధగా విన్నది.

ఆరుగురు వచ్చారు. అందరిలోకీ పెద్దాయన పళ్ళ డాక్టరు, తొట్టి దగ్గర కూడా రోగి నోట్లోకి చూసినట్టు వంగి వంగి చూసే మనిషి. రంగులు చూసి అబ్బ అన్నాడు. మధ్యలో ఒకసారి పాలిపోయాయని విన్నామే, ఎలా తెచ్చారు వెనక్కి అని అడిగాడు. ఆమె కాఫీ పళ్ళెంతో అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏం చెప్పమంటారు. ఆడవాళ్ళకి శుభ్రం పిచ్చి కదండీ. నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ తోమేసి కడిగేసి, నీళ్ళలో తిండి లేకుండా చేసింది. నేనొచ్చి లైటు తగ్గించి, మేత వేసి, రోజూ చూసుకుంటూ రెండు నెలల్లో నిలబెట్టాను."

ఆరుగురూ నవ్వారు. ఒకాయన, మా ఇంట్లోనూ ఇంతే అన్నాడు. ఆమె నోరంతా, గొట్టం నీళ్ళు నాలుక మీద పడ్డప్పటిలాగే, ఉప్పగా, కుళ్ళుగా అయింది. ఇన్నాళ్ళూ ఆ అసహ్యం గిన్నె మీద అనుకుంది. గిన్నె పాపం ఏం చేసింది, అది తనలో ఉన్నదే చూపిస్తుంది. చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి, తను చంపబోయినదాన్ని తనే బతికించానని చెప్పుకునే ఈ నోరు! పదిహేనేళ్ళుగా ఆమె ఈ నోటికే అన్నం వడ్డిస్తోంది. ఛీ అనిపించింది. పక్కవాళ్ళకి వినపడిందేమో అనుకునేంత గట్టిగా అనిపించింది.

పళ్ళ డాక్టరు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. రోజుకి ఎంతసేపు పడుతుందండీ దీనికి? "పద్ధతి తెలిస్తే పదిహేను నిమిషాలు," అన్నాడు ఆయన. "ఒక్కణ్ణే చేసుకుంటాను. వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వను." అది విని పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించి, నడుం పట్టుకుని వంగి, కింద చెక్క తలుపు తీశాడు.

రెండు రోజులుగా ముట్టుకోని గిన్నె, అంచుదాకా నిండి, మూత సందుల్లోంచి కారుతోంది. వాసన ముందు పెద్దాయన్ని తాకింది. తర్వాత ఒకరొకరే అందరూ ముక్కుల దగ్గరికి చేతులు తెచ్చుకున్నారు. ఎవరో రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన తల తిప్పి ఆమెని చూశాడు. ఆ చూపు ఆమెకి నాలుగేళ్ళుగా తెలుసు. త్వరగా వచ్చి ఎత్తు అని దాని అర్థం.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. అలమారులోంచి తన నీళ్ళ పుస్తకం తీసింది. నాలుగేళ్ళ అంకెలు, ప్రతి తేదీ ఆమె చేతిరాతలోనే. చివరి పేజీల్లో ఏ రోజు ఏం చెయ్యాలో, ఏది ఎంత వెయ్యాలో, ఏ గుళికలు ఎప్పటికీ వెయ్యకూడదో, కిందటి వారమంతా కూర్చుని రాసిపెట్టింది. ఎందుకు రాస్తోందో అప్పుడు తనకే తెలియదు. పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

"మీరే కానివ్వండి. నేను చేస్తే మళ్ళీ ఎక్కువ శుభ్రం అయిపోతుందేమో," అంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "రేపు సోమవారంనాడు ఒప్పుకుంటే వచ్చే వారం నుంచి ఆరు వారాలు నేను శిక్షణకి వెళ్ళాలండీ. తొట్టి ఎవరు చూస్తారా అని ఇంట్లో అందరం దిగులు పడుతున్నాం. పదిహేను నిమిషాల పనేనని ఇప్పుడే తెలిసింది," అంది. మామూలు గొంతుతోనే, చక్కెర సరిపోయిందా అని అడిగినట్టు అంది.

తేలు కుట్టిన దొంగ అరవలేడు. ఆయన పుస్తకం నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె పట్టుకున్నాడు. దాన్ని పక్కకి తిప్పి పైకి లాగాలి. ఆయన ఊరికే పైకి లాగాడు. ఒక్కసారి ఊడొచ్చి, సగం రొచ్చు ఇస్త్రీ చొక్కా మీద, సగం పుస్తకం పక్కన నేల మీద. సోఫాలో అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అమ్మాయ్, అమ్మాయ్ అంటోంది. పళ్ళ డాక్టరు పుస్తకం తీసి పక్కన పెట్టి, పేజీలు తిరగేస్తూ, ఆ చేతిరాత వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి, చేతులు ఒకసారి వాసన చూసుకుంది. సబ్బు వాసన వేస్తున్నాయి. డ్రాయరులోంచి పత్రం తీసి, కలం మూత తీసి, ఆ చివరి గడిలో రాసింది: 'నా భర్త. ఒక్కణ్ణే చేసుకుంటానని, వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వనని ఆరుగురు పెద్దమనుషుల ముందు చెప్పారు.' కింద గీత మీద, పూర్తిపేరుతో, సంతకం చేసింది.