ప్రార్థన చేసిన పెట్టె

అవనిగడ్డ చుట్టుపక్కల నుంచి దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లెవరైనా ముందు రూతు గడప తొక్కాల్సిందే. అక్కడ చాలా ఏళ్లు వంట చేసి వచ్చిన మనిషి. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఇంట్లో ఉంచి, ఇంకొకటి జాకెట్లో పెట్టుకోమంటుంది. దిగగానే ఎయిర్‌పోర్టులో ఎవరు నవ్వుతూ పిలిచినా వెంట వెళ్లొద్దంటుంది. తిరిగొచ్చేటప్పుడు వీసా రద్దు చేసిన కాగితం చేతికి రానిదే విమానం ఎక్కొద్దంటుంది. అన్నిటికంటే గట్టిగా చెప్పేది గసగసాల గురించి. మనం కూరల్లో నూరుకునే ఆ గింజలు అక్కడ మత్తుమందు కింద లెక్క. చిటికెడు దొరికినా పోలీసులే.

అలాంటి రూతు, చచ్చిపోయిన అక్క కూతురు ప్రేమ వెళ్తుంటే ఊరుకుంటుందా? పని చూసిపెట్టింది తనే, పెట్టె సర్దింది తనే. అక్కడున్న తమ కూతురికి ఇమ్మని ఎవరో పొట్లం తెస్తే వాకిట్లోంచే వెనక్కి పంపింది. "గుండుసూది కూడా పట్టుకెళ్లదండీ మా పిల్ల" అంది. వాళ్లు మూతి ముడుచుకుని వెళ్లారు. రూతుకి చీమ కుట్టినట్టయినా లేదు.

ప్రయాణం రోజు సాయంత్రం రూతు ఇంట్లోనే ప్రార్థన పెట్టారు. పాస్టర్ గారు పెట్టె మీద చెయ్యి ఉంచి ప్రార్థించాక, అది ఇల్లు దాటేదాకా మళ్లీ తెరవరు. వాళ్ల పేటలో అలవాటది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, తప్పితే మాత్రం అందరూ గుర్తుపెట్టుకుంటారు.

ఆమేన్ అన్నాక భోజనాలు. ప్రేమ అత్తగారు మార్తమ్మ తను చేసి తెచ్చిన చికెన్ పచ్చడి వడ్డించింది.

"పిల్లకి పెట్టిందే వదినా. ఇందాక మీరు బయటికెళ్లినప్పుడు సీసా పెట్టెలో సర్దేశాను. ఎలా ఉందో చూడండి."

రూతు ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ కమ్మదనం నాలిక్కి తగలగానే నమలడం ఆపింది.

"గసగసాలేమైనా వేశారా వదినా?"

"అబ్బే. మీరు వద్దన్నారుగా." మార్తమ్మ కళ్లు గిన్నె మీదే ఉన్నాయి.

రూతు పెట్టె వైపు చూసింది. ఇప్పుడు తెరిపిస్తే పదిమందిలో మార్తమ్మని అబద్ధాలకోరు అన్నట్టే. పాస్టర్ గారి ప్రార్థన మీద నమ్మకం లేదన్నట్టే. పైగా ప్రేమ వదిలివెళ్తున్న పసిపిల్లని రేపట్నుంచి సాకాల్సింది మార్తమ్మే. నూరి కలిపేసింది కదా, ఎవరు కనిపెడతారులే అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు.

"బాగుందండీ" అని ఇంకో ముద్ద కలుపుకుంది.

ప్రేమ దుబాయ్‌లో దిగిన రోజే ఆమె మొగుడు విజయ్ కుమార్ రూతు ఇంటికి పరుగున వచ్చాడు.

"అత్తయ్యా, ప్రేమని ఎయిర్‌పోర్టులోనే ఆపేశారంట. పచ్చడి పరీక్షకి పంపారంట. మళ్లీ ఫోన్ కలవట్లేదు."

రూతు చెప్పుల్లేకుండానే వాళ్లింటికి వెళ్లింది. మార్తమ్మ మనవరాలిని ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చునుంది.

"ఎందుకు వేశారు వదినా? అంత చెప్పాను కదా."

"కొంచెమే వేశాను. అది లేకపోతే రుచేముంటుంది?"

"అడిగితే వెయ్యలేదన్నారే. పిల్ల బతుకు నాశనం చేశారు కదండీ."

మార్తమ్మ మనవరాలి తల నిమురుతూ నెమ్మదిగా అంది.

"మీరు తిన్నారు వదినా. అన్నీ తెలిసినవాళ్లు మీరు. తిని, బాగుందన్నారు."