మూడో గోళీ

పొద్దున రౌండ్లకు వచ్చిన డాక్టరు నందిని వీపు మీద స్టెతస్కోపు ఇటు పెట్టి అటు పెట్టి విన్నాడు. తర్వాత మంచం పక్కన నిలబడ్డ నాయనమ్మ బస్వమ్మ వైపు తిరిగాడు.

"గుండె మంచిగనే ఉన్నదమ్మా. పిల్ల నిండుగ ఊపిరి తీస్తలేదు, ఛాతీల కఫం పేరుకుంటుంది. రేపు పొద్దటికల్లా ఊపిరితోని ఈ డబ్బాల మూడు గోళీలు లేపాలె. లేకుంటే మళ్ల హైదరాబాద్ పంపాల్సొస్తది."

నందినికి ఐదేళ్లు. పుట్టుకతో గుండెలో ఉన్న రంధ్రాన్ని హైదరాబాదులో మూసి పదకొండు రోజులైంది. ఇల్లు దగ్గర కదా అని, మిగతా రోజులు గడపడానికి జహీరాబాదు దవాఖానకు పంపించారు. వస్తూ వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మూడు గదులు, గదికో రంగు గోళీ, పక్కన ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే గోళీలు పైకి లేవాలి. నందిని లాగితే మొదటి గోళీ కాస్త వణికి ఊరుకునేది.

"ఎందుకట్ల భయపడతవే బంగారం?" నర్సు ప్రవీణ అడిగింది.

"గట్టిగ లాగితే కుట్లు తెగుతయ్. అవ్వ చెప్పింది."

బస్వమ్మకు తల కొట్టేసినట్టయింది. నిజమే. దగ్గకు, ఏడవకు, కదలకు, కుట్లు తెగుతాయని పదకొండు రోజులుగా చెవిలో పోరింది తనే. ఆ మాట విని పిల్ల గాలిని కూడా చుక్క చుక్కగా తాగుతోంది.

"దగ్గాలె అవ్వా. గిట్ల దిండు ఛాతీకి అదుముకొని దగ్గితే ఏం కాదు" అని ప్రవీణ చూపించి వెళ్లింది.

మధ్యాహ్నం దాకా ఎంత బుజ్జగించినా పిల్ల దిండు పట్టుకుంది గానీ ఊపిరి లాగలేదు. అది అలసిపోయి కునుకు తీస్తుంటే బస్వమ్మ మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

కొడుకు మాణిక్, కోడలు మహేశ్వరి ఏడాదిన్నర పిల్లను దత్తత తెచ్చుకున్న నాడు, 'ఎవరి నెత్తురో ఏమో' అన్నది తనే. పిల్ల మెడలో లింగం కట్టించి మనలో కలుపుకుందామని కోడలు అడిగిన ప్రతిసారీ 'తొందరేమున్నది' అంటూ మూడున్నరేళ్లు జరిపిందీ తనే. పిల్లకు అవేమీ తెలియవు. తెల్లారి కళ్లు తెరవగానే వచ్చి అవ్వ ఒళ్లోనే కూర్చునేది.

'స్వామీ, ఆ మాట అన్నది నేను. కోత దానికెందుకు పెట్టినవు? నాకు సమజైతలేదు. నువ్వన్న చెప్పు.'

లింగాన్ని కళ్లకద్దుకుని మళ్లీ కొంగు కింద దాచుకుంది.

నాలుగింటికి మహేశ్వరి ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. సాసరు లేనిదే బస్వమ్మకు చాయ్ దిగదు. సంచిలోంచి స్టీలు సాసరు తీసి, పోసుకుని, 'సుర్ర్ర్' మని జుర్రింది. పక్క మంచం మీది ముసలాయన తిరిగి చూశాడు.

"అత్తమ్మా, దవాఖాన్లనన్న జర సప్పుడు లేకుండ తాగరాదా? ఇంట్ల పాలు గూడ గిట్లనే జుర్రుతుంది ఇది, మీరు నేర్పిందే!"

కునుకు తీరి లేచిన నందిని కిసుక్కున నవ్వింది. బస్వమ్మ చేయి సాసరు దగ్గరే ఆగిపోయింది. పిల్ల వైపు చూసింది, డబ్బా వైపు చూసింది. సాసరు కింద పెట్టి గొట్టం అందుకుంది.

"నందూ, ఈ డబ్బాల మస్తు వేడి చాయ్ ఉన్నదనుకో. మూతి కాలొద్దు. ఎట్ల తాగుతవ్?"

"సాసర్ల పోసి."

"పోసిన. తాగు మరి."

నందిని దిండును ఛాతీకి అదుముకుంది. గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్లు చిట్లించి, అచ్చం అవ్వలాగే జుర్రింది. మొదటి గోళీ ఎగిరింది. దాని వెనకే రెండోది. మూడోది సగం దాకా లేచి ఊగుతోంది.

"అయిపోలే బిడ్డా! అడుగున చక్కెర మిగిలింది, గుంజు!"

మూడో గోళీ టక్కుమని డబ్బా పైమూతకు కొట్టుకుంది.

"లేసింది! మూడూ లేసినయ్!" మహేశ్వరి అరిచిన అరుపుకు ప్రవీణ పరుగెత్తుకొచ్చింది. అంతలో పిల్లకు దగ్గు తెర వచ్చింది. దిండు పట్టుకుని గట్టిగా దగ్గింది. లోపల పేరుకున్న కఫం ఊడి బయటికి వచ్చింది. కుట్లు ఒక్కటీ తెగలేదు.

"ఇంకోసారి చెయ్ చూద్దాం" అంది ప్రవీణ. పిల్ల చేసింది. ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, అచ్చం నీ లెక్కనే జుర్రుతుంది గదా! ఎంతైన నీ మనుమరాలు!" అన్నాడు.

"మరి ఎవరి పోలికొస్తది?" అంది బస్వమ్మ. అన్నాక కొంగుతో ముఖం తుడుచుకుంది. మహేశ్వరి ఆమె వైపు చూసింది. సాసరులో మళ్లీ చాయ్ పోసింది.

మర్నాడు డాక్టరు వీపు విని, ఇక హైదరాబాద్ మాటే లేదన్నాడు. నాలుగు రోజులు చూసి ఇంటికి పంపిస్తానన్నాడు. ఆయన గది దాటకముందే బస్వమ్మ కొడుకుకు ఫోన్ చేసింది.

"మాణికూ, మన మఠం జంగమయ్యకు చెప్పు. కుట్లు మానంగనే పిల్లకు లింగం కట్టాలె. దాని శివదారం జర పొడుగు పెట్టమను, గాటుకు తగలొద్దు."

"ఇన్ని దినాలు తొందరేమున్నది అంటివి గదనే అమ్మా?"

"ఇప్పుడున్నది తొందర!"

మంచం మీద నందిని గొట్టం చేత్తో పట్టుకుని ఎదురు చూస్తోంది.

"అవ్వా, ఇంక జర చాయ్ పొయ్యవా."